చెమటలో పోయే ఉప్పు.. లోపల తెరుచుకునే గేటు

కిడ్నీ మీద కూర్చున్న చిన్న గ్రంథి, అందులో క్లోరైడ్ చేసే పని, మనవాళ్ల బీపీ

బర్ దుబాయ్: అబ్రా ఘాట్ దగ్గర సాయంత్రం ఆరు దాటాక కాసేపు నిలబడితే చాలు. డ్యూటీ దిగి క్రీక్ దాటే జనంలో మనవాళ్లు ఎంతమందో కనపడతారు. వాళ్ల యూనిఫాం చొక్కా వీపు మీద చూడండి, తెల్లటి చారలు పటం గీసినట్టు ఉంటాయి. అది సున్నం కాదు, సిమెంటూ కాదు. పొద్దుటి నుంచి కారిన చెమట ఆరిపోయి మిగిల్చిన ఉప్పు.

ఉప్పంటే మనకు ఒకటే వస్తువు. కూరలో వేస్తాం, పచ్చడిలో పోస్తాం. రసాయన శాస్త్రం లెక్కలో మాత్రం అది ఇద్దరు భాగస్వాముల వ్యాపారం. ఒకరు సోడియం, రెండోవారు క్లోరైడ్. నీళ్లలో పడగానే ఇద్దరూ విడిపోయి ఎవరి దారిన వాళ్లు తిరుగుతారు. అలా విద్యుదావేశంతో తిరిగే అణువులనే అయాన్లు అంటారు. బీపీ వచ్చిందంటే డాక్టర్లు సోడియం తగ్గించమంటారు. ప్యాకెట్ల మీద రాసేదీ సోడియం లెక్కే. క్లోరైడ్ ఊసు ఎవరూ ఎత్తరు. అదేదో సోడియం వెనకాల సంచి మోసుకుంటూ తిరిగే హెల్పర్ అన్నట్టు చూశారు ఇన్నాళ్లూ.

ఆ హెల్పర్ అంత అమాయకుడు కాదని 2018లో తేలింది. మన ఒంట్లో ఉప్పును కాపాడే ఒక హార్మోన్ ఎంత తయారు కావాలో నిర్ణయించే చోట క్లోరైడ్‌కూ చెయ్యి ఉందట. ఆ చెయ్యి మరీ ఎక్కువైతే ముప్పై ఏళ్లకే బీపీ తన్నుకొస్తుంది. ఎండలో పనిచేసే మనవాళ్లకు ఈ సంగతి తెలియాలి. ఎందుకంటే ఈ జబ్బు లక్షణాలూ, ఎండదెబ్బ లక్షణాలూ కొన్ని ఒకేలా ఉంటాయి.

కిడ్నీలకు టోపీలు

మన రెండు కిడ్నీల నెత్తి మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులున్నాయి. స్కూలు పుస్తకంలో అధివృక్క గ్రంథులు అని చదువుకున్నాం, డాక్టర్లు అడ్రినల్ అంటారు. ఒక్కోటి నాలుగైదు గ్రాములకు మించదు. ఇంత చిన్నదాంట్లో మళ్లీ రెండు దుకాణాలు. లోపలి భాగం భయం వేసినప్పుడు గుండె దడదడలాడించే అడ్రినలిన్ చేస్తుంది. బయటి భాగంలో పొరలు పొరలుగా కణాలుంటాయి. అన్నిటికన్నా పైపొరలోని కణాల పని ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ తయారు చేయడం.

ఆల్డోస్టిరాన్‌ని లండన్‌లో పనిచేసిన సిల్వియా సింప్సన్, జేమ్స్ టైట్ దంపతులు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలతో కలిసి 1953లో వేరు చేశారు. రోజు మొత్తానికి మన ఒంట్లో తయారయ్యేది మిల్లీగ్రాములో పదో వంతు, కాస్త అటూ ఇటూ. అంత తక్కువ సరుకు చేసే పని మాత్రం పెద్దది. కిడ్నీకి వెళ్లి 'ఉప్పు బయటికి పోనివ్వకు' అంటుంది. చెమట గ్రంథులకూ అదే ఆర్డరు. ఉప్పు నిలబడితే నీరు నిలబడుతుంది, నీరు నిలబడితే రక్తం ఒత్తిడి నిలబడుతుంది. దీనికి బదులుగా పొటాషియాన్ని మూత్రంలోకి వదిలేస్తుంది. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఊళ్లో పదేళ్లు పొలం పని చేసి వచ్చినవాడైనా, దుబాయ్‌లో మొదటి వారం సైట్‌లో చెమట నోట్లోకి కారితే ఉప్పుకషాయంలా ఉంటుంది. ఆ రోజుల్లో ఒక లీటరు చెమటతో మూడు గ్రాములకు పైగా ఉప్పు పోవచ్చు. ఎండలో గట్టి పని చేస్తే గంటకు లీటరు చెమట కారడం వింతేమీ కాదు. ఒకటి రెండు వారాలు గడిచాక చెమట ఇంకా ఎక్కువే కారుతుంది కానీ రుచి మారుతుంది. లీటరుకు ఒక గ్రాము చుట్టుపక్కలకు ఉప్పు పడిపోతుంది. శరీరం అలవాటు పడటం అంటే ఇదే. ఆ అలవాటు వెనక ఉన్నది ఆల్డోస్టిరానే.

బొగ్గు గని, డ్యాము, యుద్ధం

ఈ సంగతి లోకానికి తెలిసిందీ మనలాంటి కూలి జనం వల్లే. 1920లలో ఇంగ్లండు బొగ్గు గనుల్లో, లోతున ఉక్కలో పనిచేసే కార్మికులకు కాళ్లూ చేతులూ కొంకర్లు పోయేవి. కె.ఎన్. మాస్ అనే పరిశోధకుడు 1923లో దాన్ని పరీక్షించి, చెమటతో ఉప్పు పోయి ఉత్త నీళ్లే తాగడం వల్ల ఇలా అవుతోందని రాశాడు. నీళ్లలో కాస్త ఉప్పు కలిపి ఇస్తే కొంకర్లు తగ్గాయి. సింగరేణిలో తండ్రులూ తాతలూ పనిచేసిన పాఠకులకు ఈ కొంకర్ల సంగతి మేం చెప్పక్కర్లేదు.

తర్వాత అమెరికాలో హూవర్ డ్యాము కట్టే రోజులు. 1931 వేసవిలో ఎడారి ఎండకు కార్మికులు పిట్టల్లా రాలిపోయారు. మరుసటి ఏడాది హార్వర్డ్ యూనివర్సిటీ నుంచి వైద్య బృందం వచ్చి కార్మికుల చెమటా, మూత్రమూ పట్టి పరీక్షించింది. కొంకర్లు వచ్చినవాళ్ల ఒంట్లో ఉప్పు ఖాళీ అయి ఉంది. నీళ్లు తాగమనే సలహాతో పాటు అన్నంలో ఉప్పు వేసుకోమనే సలహా కూడా కార్మికుల మెస్సుకు చేరింది. పాపం, అంతకుముందు ఏడాది పోయినవాళ్లకు ఆ మాట అందలేదు.

అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది. పసిఫిక్ దీవుల ఉక్కలో అమెరికా సైనికులు పడిపోతుంటే, మిషిగన్ యూనివర్సిటీలో జెరోమ్ కాన్ అనే డాక్టరు కుర్రాళ్లను వేడి గదుల్లో ఉంచి పనిచేయించి చూశాడు. రోజులు గడిచేకొద్దీ వాళ్ల చెమటలో సోడియం, క్లోరైడ్ రెండూ తగ్గిపోవడం గమనించాడు. ఏదో అడ్రినల్ హార్మోనే ఈ పొదుపు చేయిస్తోందని ఊహించాడు. అప్పటికి ఆల్డోస్టిరాన్ పేరు కూడా ఎవరికీ తెలియదు.

పదేళ్ల తర్వాత, 1954లో కాన్ దగ్గరికి 34 ఏళ్ల మహిళ వచ్చింది. ఏళ్ల తరబడి కండరాల కొంకర్లు, నీరసం, దాంతో పాటు బీపీ. రక్తంలో పొటాషియం బాగా పడిపోయింది. ఆమె చెమట చూస్తే వేడి గదిలో వారాల పాటు ఉన్న సైనికుడి చెమటలా ఉంది. అంటే ఎండలో తిరగకుండానే ఆమె శరీరం ఎండలో ఉన్నట్టు ఉప్పును పొదుపు చేస్తోంది. అడ్రినల్‌లో గడ్డ ఉండి ఆల్డోస్టిరాన్‌ను ఆపకుండా పోస్తోందని కాన్ అంచనా వేశాడు. ఆపరేషన్‌లో ఆ గడ్డ దొరికింది. తీసేశాక ఆమె కోలుకుంది. 1955లో ఆయన దీన్ని ప్రచురించాడు. అప్పటి నుంచి దానికి కాన్ సిండ్రోమ్ అని పేరు. వేడిలో పనిచేసే మనిషి చెమటను చదివినవాడికే ఈ జబ్బు దొరకడం మాకు యాదృచ్ఛికంగా అనిపించలేదు.

గేటు దగ్గర ఎవరున్నారు?

గడ్డ సంగతి సరే. గడ్డ లేకుండా కూడా కొన్ని కుటుంబాల్లో అన్నదమ్ములకూ, తల్లీ పిల్లలకూ ఇదే జబ్బు వస్తుండటం డాక్టర్లను చాలాకాలం తికమక పెట్టింది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రిచర్డ్ గోర్డన్, మైకేల్ స్టోవాసర్ అనే డాక్టర్లు 1990ల మొదట్లో అలాంటి ఒక పెద్ద కుటుంబాన్ని వివరించారు. కారణమేమిటో తేలడానికి పాతికేళ్లు పట్టింది. 2018లో జర్మనీ, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు నడిపించిన రెండు బృందాలు విడివిడిగా వెతికి ఒకే జవాబు దగ్గరికి చేరాయి. జవాబు క్లోరైడ్.

అదెలాగో చెప్పాలంటే కణం ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. బర్ దుబాయ్ బిల్డింగుల కింద నాతూర్ ఉంటాడు కదా, ఎవరు లోపలికి రావాలో ఎవరు బయటికి పోవాలో చూసేవాడు. అడ్రినల్ కణం చుట్టూ పొర ఉంటుంది, ఆ పొరలో గేట్లుంటాయి. ఒక్కో అయాన్‌కు ఒక్కో గేటు. పొటాషియానిది వేరు, కాల్షియానిది వేరు, క్లోరైడ్‌ది వేరు.

కణం తీరికగా ఉన్నప్పుడు లోపలివైపు రుణావేశం ఉంటుంది, అంటే నెగటివ్. బయటితో పోలిస్తే సుమారు 80 మిల్లీవోల్టులు తక్కువ. టార్చిలైటు బ్యాటరీతో పోలిస్తే చాలా చిన్న కరెంటు. కానీ కాల్షియం గేటు మూసి ఉండటానికి ఈ కరెంటే తాళం. లోపలి నెగటివ్ తగ్గిందంటే తాళం ఊడుతుంది. బయట కాచుకుని ఉన్న కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. కాల్షియం లోపలికి వచ్చిందంటే కణానికి అది డ్యూటీ సైరన్ లాంటిది. ఆల్డోస్టిరాన్ తయారుచేసే ఎంజైము పని మొదలుపెడుతుంది.

మామూలుగా ఈ తాళం తీసేది ఇద్దరు. రక్తంలో పెరిగిన పొటాషియం ఒకటి, కిడ్నీ పంపే కబురు రెండోది. ఆ రెండో కబురు మొదలయ్యే చోటా క్లోరైడ్ ఉంది. కిడ్నీ వడపోత గొట్టాల్లో ఒక చోట కొన్ని కణాలు అక్కడికి వచ్చే ద్రవంలో ఉప్పు ఎంతుందో రుచి చూస్తుంటాయి. అవి ప్రధానంగా పసిగట్టేది క్లోరైడ్‌నే. అది తగ్గితే రెనిన్ అనే పదార్థం విడుదలవుతుంది, దాని వెంట యాంజియోటెన్సిన్ పుడుతుంది, అది అడ్రినల్‌ని లేపుతుంది. చెమటతో ఉప్పు పోయిన రోజున మనలో జరిగేది ఇదే.

ఇక అడ్రినల్ కణంలోనే ఉన్న క్లోరైడ్ గేటు సంగతి. దాని పేరు సీఎల్‌సీ-2. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అది ఉంటుంది, కానీ మామూలు సమయంలో పెద్దగా తెరుచుకోదు. అడ్రినల్ పైపొర కణాల లోపల క్లోరైడ్ నిల్వ ఎక్కువ. క్లోరైడ్ నెగటివ్ అయాన్. గేటు తెరిస్తే అది లోపలి నుంచి బయటికి పోతుంది, పోతూ పోతూ నెగటివ్‌ను తనతో పట్టుకుపోతుంది. లోపల నెగటివ్ తగ్గిందంటే కాల్షియం తాళం ఊడినట్టే, అర్థమైంది కదా.

బ్రిస్బేన్ కుటుంబంలో సీఎల్‌సీ-2ను తయారుచేసే జన్యువులో ఒక అక్షరం మారింది. ఆ మార్పుతో గేటు ఎప్పుడూ వార వేసినట్టే ఉండిపోయింది. నాతూర్ గేటు తీసి నిద్రపోయినట్టు! క్లోరైడ్ కారుతూనే ఉంటుంది, కాల్షియం వస్తూనే ఉంటుంది, ఆల్డోస్టిరాన్ తయారవుతూనే ఉంటుంది. ఒంట్లో ఉప్పు చాలినంత ఉన్నా సరే ఆగదు. 2019లో రెండు బృందాలు ఎలుకల్లో క్లోరైడ్ గేటును ఇలాగే తెరిచిపెట్టి చూశాయి. ఎలుకలకూ ఆల్డోస్టిరాన్ పెరిగింది, బీపీ పెరిగింది.

గ్రంథి లోపలి భాగంలో, అడ్రినలిన్ చేసే కణాల్లో కూడా కొన్ని క్లోరైడ్ దారులున్నాయి. అక్కడా అవి తెరుచుకుంటే కణం ఉలిక్కిపడి సరుకు వదులుతుంది. ఆ కథ వేరే, ఇక్కడికి చాలు.

'ఎండకే అనుకున్న సార్'

సీఎల్‌సీ-2 మార్పు చాలా అరుదు. అది మీకో, మీ రూమ్మేట్‌కో ఉందని భయపెట్టడం మా ఉద్దేశం కాదు. అరుదు కానిది ఇంకొకటుంది. గడ్డ వల్లనో, గ్రంథి పెరగడం వల్లనో, గేట్లలో పుట్టిన లోపం వల్లనో ఆల్డోస్టిరాన్ అతిగా తయారయ్యే జబ్బు మొత్తంగా చూస్తే, బీపీ ఉన్న ప్రతి వందమందిలో ఐదు నుంచి పదిమందికి ఉంటుందని లెక్క. అందులో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు. బీపీ మాత్ర వేసుకుంటారు, తగ్గలేదని ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి.

మేం మాట్లాడినవారిలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన షటరింగ్ కార్పెంటర్ ఒకతను ఉన్నాడు. ముప్పై ఒక్కేళ్లు. "రాత్రిపూట పిక్కలు పట్టేస్తయి సార్, లేచి మూడుసార్లు బాత్రూం పోత. ఎండకే అనుకున్న" అన్నాడు. ఉచిత వైద్య శిబిరంలో చూస్తే బీపీ 170 దాటింది. అక్కడి డాక్టరు మాత్ర రాశాడు. వేసుకుంటే తల తిరుగుతుందని రెండు వారాలకే మానేశాడు. మాటల్లో మాటగా ఇంకో సంగతి చెప్పాడు. ఊళ్లో ఉండే వాళ్ల పెద్దన్నకు ముప్పై ఎనిమిదేళ్లకే పక్షవాతం వచ్చిందట. "మా ఇంట్ల అందరికి గంతే" అని నవ్వాడు. ఆ నవ్వు మాకు నచ్చలేదు.

ఇతనికి ఆల్డోస్టిరాన్ జబ్బే ఉందని మేం అనడం లేదు, మేం డాక్టర్లం కాదు. కానీ నలభై లోపు బీపీ, ఇంట్లో చిన్న వయసులో పక్షవాతం, రాత్రిళ్లు కొంకర్లు, మాటిమాటికీ మూత్రం. ఇవన్నీ ఒకే మనిషిలో ఉంటే ఎండ మీద నెట్టేసి ఊరుకోకూడదు. ఆల్డోస్టిరాన్ ఎక్కువైతే పొటాషియం మూత్రంలో పోతుందని చెప్పుకున్నాం కదా. పొటాషియం తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, కాళ్లు ఈడుస్తాయి, మూత్రం ఎక్కువవుతుంది. ఎండకు ఉప్పు పోయినా పిక్కలే పట్టేస్తాయి. చూడ్డానికి రెండూ ఒకటే, లోపల మాత్రం పూర్తిగా తలకిందులు. ఒకరికి ఉప్పు చాలక, ఇంకొకరికి ఉప్పు వదలక. మొదటివాడికి ఉప్పు కలిపిన మజ్జిగ మందు. రెండోవాడికి అదే మజ్జిగ బీపీని ఎగదోస్తుంది.

తేడా తెలుసుకోవడానికి ముందుగా కావలసింది పెద్ద మిషను కాదు, చేతికి కట్టే బీపీ పట్టీ. ఎండకు ఉప్పూ నీరూ పోయి పడిపోయినవాడికి బీపీ సాధారణంగా తగ్గుతుంది, పెరగదు. కొంకర్లతో పాటు బీపీ 140/90 దాటి మళ్లీ మళ్లీ కనపడితే అది వేరే కథ.

కొంకర్లకు నొప్పి మాత్రలు మింగే అలవాటు క్యాంపుల్లో బాగా ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి బీపీ పెంచుతాయి. ఒంట్లో నీరు తగ్గిన మనిషి వేసుకుంటే కిడ్నీకి దెబ్బ. ఇంకో చిన్న సంగతి. రంజాన్ రోజుల్లో అరబ్బులు ఇష్టంగా తాగే ఎర్క్ సూస్ అనే నల్లటి చల్లని పానీయం మన అతిమధురం వేళ్లతో చేసిందే. అతిమధురం రోజూ ఎక్కువగా పుచ్చుకుంటే అచ్చం ఆల్డోస్టిరాన్ ఎక్కువైనట్టే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. ఎప్పుడో ఓ గ్లాసు తాగితే ఏమీ కాదు. బీపీ ఉన్నవాళ్లు మాత్రం అలవాటు చేసుకోవద్దు.

ఉప్పు తిన్నవాడు..

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని మన పెద్దలు అన్నారు. ఇక్కడ నీళ్లు తాగినవాడు ఉప్పు తినక తప్పదు అనుకుంటారు చాలామంది. అందుకే జేబులో ఉప్పు మాత్రలు, టిఫిన్‌లో ఆవకాయ, రాత్రికి ఎండుచేప, పొద్దున్న నూడుల్స్. 'చెమటలో పోతుందిలే' అని ధీమా. అలవాటు పడిన శరీరం చెమటలో ఉప్పు పెద్దగా పోనివ్వదని పైన చూశాం. మూడు పూటలా అన్నం తినే మనిషికి, అందులోనూ మన వంట తినేవాడికి, ఉప్పు మాత్రల అవసరం దాదాపు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక టీస్పూను. చెమటోడ్చే పనివాడికి కాస్త ఎక్కువ పట్టొచ్చు, కానీ దానికి ఆవకాయ జాడీ మొత్తం అక్కర్లేదు.

సోడియం ఒక్కటే దోషి కాదని 1987లో అమెరికాలో కొద్దిమంది బీపీ రోగుల మీద చేసిన ప్రయోగం చూపించింది. అంతే సోడియాన్ని క్లోరైడ్‌తో కలిపి, అంటే మామూలు ఉప్పుగా ఇస్తే బీపీ పెరిగింది. సిట్రేట్‌తో కలిపి ఇస్తే పెరగలేదు. భాగస్వామి కూడా ముఖ్యమే అన్నమాట. అలాగని ఉప్పు మానేసి వంటసోడా మింగమని కాదు, అలాంటి ప్రయోగాలు ఎవరూ చేయొద్దు.

కొత్తగా వచ్చినవాళ్లకూ, సెలవు ముగించుకుని తిరిగి వచ్చినవాళ్లకూ మాత్రం లెక్క వేరు. ఊళ్లో కొన్ని వారాలు నీడపట్టున ఉంటే శరీరం నేర్చుకున్న ఉప్పు పొదుపు మరిచిపోతుంది. విమానం దిగిన మర్నాడే పాత మనిషిలా పని ఎత్తుకుంటే మొదటి నాలుగైదు రోజులే ప్రమాదం. అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ నియోష్ సలహా ఏమిటంటే కొత్తవాడికి మొదటి రోజు ఎండలో ఐదో వంతు పనే ఇవ్వాలి, రోజుకు ఐదో వంతు చొప్పున పెంచాలి. పాతవాడు తిరిగి వస్తే మొదటి రోజు సగం. ఫోర్‌మన్లలోనూ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, ఈ మాట వాళ్లు చదవాలని ప్రత్యేకంగా రాస్తున్నాం. మధ్యాహ్నం ఎండలో పని ఆపే నిబంధన యూఏఈలో 2005 నుంచి ఏటా ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదు. చేయిస్తే కంపెనీకి మనిషికి 5 వేల దిర్హాముల జరిమానా.

నీళ్లు దాహం వేశాక గడగడా కాకుండా, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. గంటకు లీటరున్నర దాటొద్దు, ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. కొత్త రోజుల్లో, బాగా చెమట పోసిన రోజుల్లో ఓఆర్ఎస్ మంచిది. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు సోడియం 75, క్లోరైడ్ 65, పొటాషియం 20, గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్ ఉంటాయి. క్లోరైడ్ ఎందుకు అంత పెట్టారో ఇప్పుడు మీకు తెలుసు. ఫార్మసీలో పొడి ప్యాకెట్ వెనక ఈ అంకెలు చూసి కొనండి. తియ్యటి జ్యూసులకు ఓఆర్ఎస్ పేరు పెట్టి అమ్మే దందా మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో మన ఆహార ప్రమాణాల సంస్థ అలాంటి పేర్లు వాడకూడదని ఆదేశించింది. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు పిల్లలకు కొనేటప్పుడూ ఈ సంగతి గుర్తుంచుకోండి. ఓఆర్ఎస్ లేకపోతే మన అంబలి, తరవాణి, మజ్జిగ ఉండనే ఉన్నాయి. బకాలాలో దొరికే లబన్‌లో చిటికెడు ఉప్పు వేసుకున్నా సరిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఇవేవీ ఉప్పు వేసి రోజూ తాగొద్దు.

మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, పడిపోయినా ఉప్పూ క్లోరైడూ లెక్కలు పక్కన పెట్టండి. నీడకు చేర్చి, నీళ్లతో తడిపి, 998కి ఫోన్ చేసి అంబులెన్సు పిలవండి.

ఏ పరీక్ష అడగాలి?

బీపీ ఉందని తెలిస్తే వీసా పోతుందేమోనన్న భయం మాకు చాలాచోట్ల వినిపించింది. ఇక్కడ రెన్యువల్ మెడికల్‌లో ప్రధానంగా వెతికేది హెచ్ఐవీ, టీబీ. బీపీ దాచుకుని బాగుపడినవాడు లేడు. దుబాయ్‌లో 2013 చట్టం ప్రకారం ఉద్యోగికి ఆరోగ్య బీమా చేయించాల్సింది కంపెనీయే, ఆ డబ్బు జీతంలో కోయకూడదు. మీ ఇన్సూరెన్స్ కార్డు మీ దగ్గర ఉందో లేదో, ఏ క్లినిక్‌లో చెల్లుతుందో ముందు చూసుకోండి.

నలభై లోపు బీపీ వచ్చినా, మూడు మాత్రలు వేసినా దిగకపోయినా, పొటాషియం తక్కువున్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పక్షవాతం వచ్చినా డాక్టరుతో 'ఆల్డోస్టిరాన్, రెనిన్ పరీక్ష చేయించమంటారా' అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. 2025లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాలు బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష ఒకసారి చేయమని సూచించాయి. రక్తంలో రెనిన్ అణిగిపోయి ఆల్డోస్టిరాన్ ఎక్కువుంటే అనుమానించాలి. పొటాషియం మామూలుగా ఉన్నా ఈ జబ్బు లేదని కొట్టేయడానికి లేదు, చాలామందిలో అది మామూలుగానే ఉంటుంది.

జబ్బు తేలితే స్కాన్ తీస్తారు. ఒకవైపు గ్రంథిలోనే లోపం అని నిర్ధారణ అయితే చిన్న కోతలతో ఆ గ్రంథిని తీసేస్తారు. రెండోది ఉంటుంది కాబట్టి బతుక్కి లోటు లేదు. రెండువైపులా ఉంటే స్పైరోనోలాక్టోన్ అనే పాత, చవకైన మాత్ర. మగవాళ్లలో కొందరికి దీనితో రొమ్ములు ఉబ్బి నొప్పి పుడతాయి. సిగ్గుపడి మందు మానేయకుండా డాక్టరుకు చెబితే ఎప్లెరినోన్ అనే ఇంకో మాత్ర ఇస్తారు. కుటుంబంలో వరసగా ఉంటే జన్యు పరీక్ష సంగతి కూడా డాక్టరే చెబుతారు.

ఇక్కడ ఖర్చు ఎక్కువనిపిస్తే సెలవులో ఇంటికి వెళ్లినప్పుడైనా చేయించుకోవచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రుల్లో హార్మోన్ల విభాగాలు ఉన్నాయి. సెలవు నెల రోజులే కాబట్టి పెళ్లిళ్లూ పబ్బాలూ అయ్యాక చూద్దాం అనుకోకుండా దిగిన మొదటి వారంలోనే వెళ్లండి. రిపోర్టు వచ్చి, మళ్లీ డాక్టరును కలవడానికి రోజులు పడతాయి. పొద్దున్న లేచి రెండు గంటలైనా తిరిగాక, కాసేపు కూర్చోబెట్టి రక్తం తీస్తారు. పరీక్షకు ముందు రోజుల్లో ఉప్పు తగ్గించి తినకూడదు, తగ్గిస్తే మామూలు మనిషికీ ఆల్డోస్టిరాన్ పెరిగి లెక్క తప్పుతుంది. కొన్ని బీపీ మాత్రలు కొన్ని వారాల ముందే మార్చాల్సి రావచ్చు. సొంతంగా ఆపొద్దు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు ముందు పెట్టండి. అన్నదమ్ములకు ఎవరికైనా బీపీ ఉంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి.